పడకగది మూలల్లో నల్లబూజు, గోడ కింద పొక్కులు: రెంటికీ కారణం ఒకటేనా?

నీలిగవాక్షం:
అందరికీ నమస్కారం. మేము ఉండేది ఒక భవనంలో మధ్య అంతస్తు. మా పడకగదికి రెండు వైపులా బయటి గోడలు, మూడో గోడకు అవతల స్నానాల గది ఉన్నాయి. చలికాలం మొదలైనప్పటి నుంచి తెల్లవారేసరికి కిటికీ అద్దానికి లోపలివైపు నీరు పట్టి, కారి, చట్రం మీద నిలుస్తోంది. బయటి గోడలు రెండూ కలిసే మూలలో, పైకప్పుకు దగ్గరగా నల్లని చుక్కలు వచ్చాయి. బీరువా జరిపి చూస్తే దాని వెనక గోడ కూడా అలాగే ఉంది. ఇవి చాలవన్నట్టు స్నానాల గది వైపు గోడకు నేల నుంచి మోకాలి ఎత్తు వరకు రంగు పొక్కులు లేచింది. గోకితే తెల్లని పొడి రాలుతోంది.

తలుపు తీయగానే ముక్కవాసన. మా బాబుకు రాత్రిళ్లు దగ్గు వస్తోంది, అదే నా అసలు బెంగ. ఒక పెయింటర్ వచ్చి చూసి, గోడలన్నీ గోకి డ్యాంప్‌ప్రూఫ్ రంగు వేస్తే సరిపోతుందన్నారు. మరొకరు పై అంతస్తు నుంచి నీరు దిగుతోందన్నారు. డబ్బు పెట్టే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇటుకసున్నం:
నీలిగవాక్షం గారూ, దయచేసి ఆ రంగు పని ఇప్పుడే ఒప్పుకోకండి. ఇళ్ల మరమ్మతు పనులు చాలాకాలంగా చేయిస్తున్నాను. మీరు రాసింది చదివితే ఆ గదిలో రెండు వేర్వేరు నీళ్లు కనిపిస్తున్నాయి. రెండూ ఒకే గోడల మీద తేలినంత మాత్రాన ఒకే జబ్బు కాదు.

గోడలోకి తేమ వచ్చే దారులు నాలుగు. గదిలోని గాలిలో ఉన్న ఆవిరి చల్లని గోడ మీద నీరుగా మారడం ఒకటి. బయటి గోడ పగుళ్లలోంచి, కిటికీ చట్రం చుట్టూ ఉన్న సందుల్లోంచి, సన్‌షేడ్ అతుకుల్లోంచి వాన నీరు దిగడం రెండోది. పునాది నుంచి నేలలోని తడి పైకి పాకడం మూడోది. పైపులో, డ్రైనులో, టైల్స్ అతుకుల్లో కారుడు నాలుగోది. ఏ దారిన వచ్చిందో మచ్చ చాలావరకు తానే చెబుతుంది. గాలిలోంచి వచ్చిన తేమకు సాధారణంగా అంచులు ఉండవు. పసుపురంగు చారలూ ఉప్పూ కనిపించవు, నల్లని చుక్కల గుంపే ఉంటుంది. మూలల్లో, బీములూ లింటెల్లూ (కిటికీ, తలుపుల పైనుండే దూలాలు) ఉన్న చోట, బీరువాల వెనక, అంటే గోడ చల్లగా ఉండి గాలి ఆడని చోట వస్తుంది. బయటి నుంచో పైపు నుంచో వచ్చే నీటికి స్పష్టమైన అంచు ఉంటుంది, గోధుమరంగు గీత కట్టవచ్చు, ఆరినప్పుడు తెల్లని ఉప్పు తేలుతుంది. నీరు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించుకుని పైకి తెచ్చి, తాను ఆవిరై పోతుంది. వెనక మిగిలేదే మీరు చెప్పిన తెల్లపొడి.

కాబట్టి పై మూల, బీరువా వెనక, కిటికీ అద్దం ఒక జట్టు. కింది పొక్కులు మరో జట్టు. మధ్య అంతస్తు గనుక నేల తడి ఎక్కే అవకాశం లేదు. స్నానాల గది అవతలే ఉంది గనుక నా అనుమానం అటువైపే. అయితే అనుమానంతో గోడ పగలగొట్టకూడదు, ముందు పరీక్ష చేయాలి.

కొలతలు:
ఇటుకసున్నం గారు చెప్పిన పరీక్షకు పనికొచ్చే సులువైన పద్ధతి ఒకటి ఉంది. మందపాటి ప్లాస్టిక్ కవరును గానీ అల్యూమినియం రేకును గానీ జానెడు చదరంగా కత్తిరించి, అనుమానం ఉన్న చోట గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా మూసేయండి. ఒకటి రెండు రోజులు అలాగే వదలండి. గది వైపు ఉన్న ముఖం మీద తడి ఉంటే అది గాలిలోంచి వచ్చింది. గోడకు ఆనుకున్న ముఖం తడిస్తే గోడ లోపల నీరుంది. పై మూలలో ఒకటి, కింద పొక్కుల దగ్గర ఒకటి పెట్టండి. రంగు పొక్కులు లేచిన చోట టేపు నిలవదు, ముందు గోకి తుడిచి పెట్టాలి.

దీనితో పాటు ఒక హైగ్రోమీటర్ కొనండి. గాలి పట్టగలిగే ఆవిరిలో ఎంత శాతం ఇప్పుడు అందులో ఉందో అది చూపిస్తుంది, తేమ శాతం అంటే అదే. చిన్న డిజిటల్ పరికరమే చాలు, కానీ దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీరు చల్లి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచండి. ఆ సంచిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీ పరికరం 70 చూపిస్తే ఇక మీదట ప్రతి లెక్కకూ అయిదు కలుపుకోవాలి.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. 70 దాటి గంటల తరబడి నిలిస్తే, మూలలు ఇంకా అధ్వానంగా ఉన్నాయని అర్థం.

రంగులమేస్త్రి:
నేను రంగుల పని చేసేవాణ్ణి. మా పని గురించి నేనే ఈ మాట అనడం కొందరికి నచ్చకపోవచ్చు. నీరు వెనక నుంచి వస్తున్న గోడకు లోపలి వైపు డ్యాంప్‌ప్రూఫ్ రంగు వేయడం డబ్బు పారబోయడమే. నీరు రంగును తోసుకుని పొక్కులుగా లేస్తుంది, లేదంటే పక్కకు పాకి రంగు వేయని చోట బయటపడుతుంది. బూజు మీద నేరుగా పుట్టీ పెట్టి రంగేసిన గోడలు మళ్లీ అదే చోట నల్లబడ్డాయి. బూజునాశిని కలిపిన రంగులున్నాయి. అవి కొంతకాలం పనిచేస్తాయి, తర్వాత మందు బలం తగ్గుతుంది. గోడ చల్లగా, గాలి తడిగా ఉన్నంతకాలం ఏ రంగూ దాన్ని ఆపలేదు. కారణం తీరాక వేస్తే మాత్రం అదే రంగు చక్కగా నిలుస్తుంది.

మావిడిచిగురు:
ఇంత చర్చ ఎందుకండీ? కిటికీలు రెండూ బారెడు తెరిచిపెట్టండి, గాలీ వెలుతురూ రానివ్వండి, బూజు దానంతటదే పోతుంది. బ్లీచ్ నీళ్లతో ఒకసారి గోడ కడిగితే చాలు.

వేపనీడ:
మావిడిచిగురు గారూ, కిటికీల సంగతి మిగతావారు చెబుతారు. బ్లీచ్ విషయంలో మాత్రం నేను గట్టిగా అడ్డుపడతాను. నేను నర్సును, శ్వాసకోశ వ్యాధుల వార్డులో పని. బ్లీచ్ వల్ల బూజు రంగు పోతుంది, అందుకే శుభ్రమైనట్టు కనిపిస్తుంది. చచ్చిన బూజు కూడా గోడ మీదే ఉంటే ఎలర్జీ కలిగిస్తుంది, దాన్ని తుడిచి తీసేయడమే ముఖ్యం. దగ్గుతో ఉన్న పిల్లాడి గదిలో బ్లీచ్ ఘాటు అసలే మంచిది కాదు. పైగా చాలామంది ఇంట్లో ఉన్న రెండు మూడు ద్రావకాలు కలుపుతారు. బ్లీచ్‌లో యాసిడ్ గానీ వినెగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమోనియా ఉన్న క్లీనర్ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

మామూలు గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీరు చాలు. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. పొడి చీపురుతోనో బ్రష్షుతోనో గోకవద్దు, బూజు రేణువులు గదంతా లేస్తాయి. ముందు తడిపి, గుడ్డతో ఒత్తి తుడవాలి. వాడిన గుడ్డలు సంచిలో కట్టి పారేయాలి. పని చేస్తున్నంతసేపూ గది తలుపు మూసి కిటికీ తెరవండి, ఫ్యాను వేయకండి. బాబు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఆ సమయంలో ఇంట్లో వేరే చోట ఉండాలి. బూజు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కంటే పెద్దదైనా, అది జిప్సమ్ బోర్డు లోపలికి దిగి ఉన్నా, సొంతంగా చేయకుండా ఆ పని తెలిసినవారిని పిలవడం మేలు.

నల్లగా ఉంది కాబట్టి అది విషపు బూజే అని భయపడవద్దు. క్లాడోస్పోరియం, ఆస్పర్‌గిల్లస్ లాంటి మామూలు రకాలు కూడా నల్లగా కనిపిస్తాయి. రంగు చూసి రకం చెప్పలేము, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ రకమైనా తీసేయాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని తేమ, బూజు మీద మార్గదర్శకాలు వెలువరించింది. తడి ఇళ్లలో ఉండేవారికి శ్వాసకోశ ఇబ్బందులు, ఇన్‌ఫెక్షన్లు, ఉబ్బసం ముదరడం ఎక్కువని అందులో ఉంది. ఇంత బూజు వరకు ఫరవాలేదు అనే హద్దు మాత్రం పెట్టలేకపోయింది. బాబు దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, గదిలో బూజు ఉందని తప్పక చెప్పండి. చాలామంది తల్లిదండ్రులు ఆ మాట చెప్పరు, డాక్టరుకు అడగాలని తట్టకపోవచ్చు.

చల్లగాలి:
కిటికీల గురించి రెండు మాటలు. ఏసీ మరమ్మతులు చేస్తాను కాబట్టి ఈ సమస్య రోజూ చూస్తాను. కిటికీ తెరవడం ఒక కాలంలో మందు, మరో కాలంలో విషం.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఆవిరి పట్టుకోగలదు. ఒక ఘనపు మీటరు గాలి 10 డిగ్రీల దగ్గర 9.4 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర 17.3 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 30.4 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది, అంతకు మించి పట్టదు. నీలిగవాక్షం గారికి ఇప్పుడు చలికాలం. బయట 10 డిగ్రీలుండి తేమ 90 శాతం ఉందనుకోండి. వినడానికి చాలా తడిగా అనిపిస్తుంది, కానీ ఆ గాలిలో ఉన్నది ఘనపు మీటరుకు 8.5 గ్రాములే. అదే గాలి గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 49 శాతానికి పడిపోతుంది. అంటే ఆ గాలి మీ గోడలను ఆరబెడుతుంది. కాబట్టి చలికాలంలో కిటికీ తెరవాల్సిందే.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. బయట 28 డిగ్రీలు, తేమ 90 శాతం అంటే ఘనపు మీటరుకు 24 గ్రాములకు పైనే. ఏసీ వేసి 24 డిగ్రీలకు చల్లబరిచిన గది గాలి పట్టగలిగేదే 22 గ్రాముల లోపు. ఆ సమయంలో కిటికీ తెరిస్తే బయటి ఆవిరి గోడల మీద, పరుపు మీద నీరుగా దిగుతుంది. ఏసీ గదికి పక్కనే ఏసీ లేని గది ఉంటే, మధ్య గోడకు ఆ రెండో వైపు బూజు పట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. కారణం ఇదే, చల్లబడిన గోడకు అవతలి తడి గాలి తగులుతుంది. చల్లని నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టే.

ఏసీ పెద్దది కొంటే మంచిదనుకోవడం కూడా చాలా ఇళ్లలో ఉంది. గదికి మించిన ఏసీ నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీయడానికి దానికి వ్యవధి చాలదు. గది చల్లగా ఉంటుంది, తడిగానూ ఉంటుంది. ఏసీలో డ్రై మోడ్ (తేమ తీసే అమరిక) ఉంటే వానాకాలంలో వాడండి. డ్రైన్ పైపు మూసుకుపోయి ఉంటే ఆ నీరే గోడలోకి దిగుతుంది, అది వేరే కథ.

మావిడిచిగురు:
చల్లగాలి గారూ, చలికాలంలో రాత్రంతా కిటికీ తెరిచి పడుకోవడం కుదరదు కదా. చంటిపిల్లలున్న ఇంట్లో మరీ కష్టం. అయినా ముగ్గురు నిద్రపోతే అంత నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

కొలతలు:
లెక్క వేద్దాం. నిద్రపోయే మనిషి ఊపిరి, చర్మం ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరు పెద్దవాళ్లు ఎనిమిది గంటలు పడుకుంటే 640 గ్రాములు, బాబుది ఇంకా కలపాలి. గది మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు అనుకుంటే 36 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం పట్టగలిగేది 620 గ్రాముల చిల్లర. పడుకునేటప్పటికే తేమ 50 శాతం ఉంటే అందులో సగం నిండిపోయి ఉంది. మిగిలిన సగంలో 640 గ్రాములు ఎలా పడతాయి? తలుపు సందుల్లోంచి కొంత పోతుంది, పరుపూ కర్టెన్లూ బట్టలూ కొంత పీల్చుకుంటాయి. మిగిలింది గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న చోట దిగుతుంది. ముందు అద్దం, తర్వాత మూల.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. బూజుకు నీటి చుక్కలే అవసరం లేదు. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి కొంతకాలం నిలిస్తే చాలు. గది 22 డిగ్రీలు, తేమ 65 శాతం ఉందనుకుందాం. గోడ 15 డిగ్రీలకు చల్లబడితేనే చుక్కలు కడతాయి. బూజు మాత్రం 18.5 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. గోడ చేతికి పొడిగానే తగులుతుంది, బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 'గోడ తడిగా లేదు, మరి బూజెలా వచ్చింది' అని అడిగేవారందరికీ జవాబు ఇదే.

ఇటుకసున్నం:
రాత్రంతా తెరవక్కర్లేదు. పొద్దున లేవగానే ఎదురెదురుగా ఉన్న కిటికీలూ తలుపులూ పూర్తిగా తెరిచి పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసేయండి. ఆ వ్యవధిలో గాలి మారిపోతుంది, గోడలు చల్లబడేంత సమయం ఉండదు. రోజంతా కిటికీ ఓరగా తెరిచి ఉంచితే గాలి తక్కువ మారుతుంది, కిటికీ చుట్టూ గోడ మాత్రం చల్లబడుతుంది. పడుకునేటప్పుడు గది తలుపు కొద్దిగా తెరిచి ఉంచినా ఆవిరి ఇల్లంతా పరుచుకుంటుంది, ఒకే చోట పేరుకోదు. అద్దం మీది నీటిని పొద్దున్నే గుడ్డతో తుడిచి, గుడ్డను గది బయట పిండండి. చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, ఆ నీరు ఎండ రాగానే ఆవిరై మళ్లీ గదిలోకే చేరుతుంది.

బీరువాను బయటి గోడకు ఆనించకండి. లోపలి గోడకు మార్చగలిగితే మంచిది. వీలులేకపోతే గోడకూ దానికీ మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు, కింద కాళ్లు ఉండాలి. తడి బట్టలు గదిలో ఆరేయవద్దు. ఒక విడత ఉతికిన బట్టల్లోంచి లీటర్ల కొద్దీ నీరు గాలిలో కలుస్తుంది. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ ఉంటే దాన్ని తీసేయండి. కిలో గ్యాస్ మండితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. పైగా మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం, అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

నేలఅంతస్తు:
మాది కింది అంతస్తు, పాత ఇల్లు. గోడ చుట్టూ నేల నుంచి నడుము ఎత్తు వరకు ఒకే మట్టంలో తడిగీత ఉంది. గీత పైన గోడ బాగుంటుంది, కింద పెచ్చులు ఊడుతున్నాయి. సిమెంటు ప్లాస్టరింగ్ కొత్తగా చేయించినా గీత ఇంకొంచెం పైకి జరిగింది తప్ప పోలేదు. ఇది కూడా గాలిలోంచి వచ్చిందేనా?

పాతపెంకుటిల్లు:
నేలఅంతస్తు గారూ, మీది నేల తడి. అందుకే గీత గోడ చుట్టూ ఒకే మట్టంలో ఉంది. నేల తడి సాధారణంగా మీటరు ఎత్తు దాటదు, అక్కడికి చేరేసరికి ఆవిరై పోతుంటుంది. గోడకు సిమెంటు పూస్తే ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది, నీరు దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. పాత గోడల్లో సున్నపు గచ్చు ఉండేది. అది తడిని పీల్చి మళ్లీ గాలికి వదిలేది. మీరు ముందు బయటికి వెళ్లి చూడండి. గోడ పక్కన మట్టి గానీ గట్టు గానీ ఇంటి లోపలి నేల మట్టం కంటే ఎత్తు పెరిగిందా? వాన నీరు గోడ మొదట్లో నిలుస్తోందా? పైకప్పు గొట్టం నీరు గోడకు దగ్గరగా పడుతోందా? పునాది పైన డీపీసీ, అంటే నీటిని ఆపే పొర, ఉన్నప్పటికీ బయట మట్టి దాన్ని దాటి పేరుకుంటే అది ఉన్నా లేనట్టే. చాలా ఇళ్లలో ఆ మట్టి తవ్వి తీసి, నీటికి వాలు కల్పిస్తేనే సగానికి పైగా బాగుపడుతుంది. గోడలోకి మందు ఎక్కించే పద్ధతులు దాని తర్వాత ఆలోచించండి.

అద్దెఇల్లు:
నా బాధ వేరు. మా పడకగది మూలకు బూజు వస్తే ఇంటి యజమాని 'మీరే గాలి ఆడనివ్వడం లేదు, మీ అలవాట్ల వల్లే' అంటున్నారు. నేను రోజూ కిటికీ తెరుస్తాను. ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఎలా తేల్చాలి?

కొలతలు:
మాటలతో తేలదు, అంకెలతో తేలుతుంది. గదిలో తేమ శాతం, ఉష్ణోగ్రత పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసిపెట్టండి. దూరం నుంచి గోడ వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే గోడ మధ్యలో ఒక కొలత, మూలలో ఒక కొలత తీసుకోండి. గదిలో తేమ 50, 55 శాతం దగ్గరే ఉండి కూడా మూల బాగా చల్లగా ఉండి అక్కడ బూజు వస్తే, లోపం గోడది. కాంక్రీటు బీము గానీ కాలమ్ గానీ బయటి చలిని నేరుగా లోపలికి తెస్తోంది. గదిలో తేమ రోజంతా 75 శాతం దాటి ఉంటే అప్పుడు గాలి ఆడే విషయం, బట్టలు ఆరేసే విషయం చూసుకోవాలి. తేదీలు కనిపించేలా ఫోటోలు తీసి, ఈ అంకెలతో కలిపి రాతపూర్వకంగా పంపండి. స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే అది కూడా రాయండి. గాలి ఆడే ఏర్పాటు లేని ఇంట్లో అద్దెకున్నవారి అలవాట్లను తప్పుపట్టడం న్యాయం కాదు.

నీలిగవాక్షం:
అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. పరీక్ష చేశాను. పై మూలలో రేకుకు గది వైపు చెమ్మ పట్టింది, గోడ వైపు పొడిగా ఉంది. కింద పొక్కుల దగ్గర సరిగ్గా తిరగబడింది, గది వైపు పొడిగా ఉండి గోడ వైపు నీటి చుక్కలు కట్టాయి. ఇటుకసున్నం గారు చెప్పినట్టు రెండు నీళ్లే. హైగ్రోమీటర్ పొద్దున 78 చూపిస్తోంది, ఉప్పుతో సరిచూశాను. ఇప్పుడు కింది గోడ సంగతి ఎలా తేల్చాలి? టైల్స్ అన్నీ పగలగొట్టాలంటున్నారు.

ఇటుకసున్నం:
పగలగొట్టే ముందు ఏ పైపో తేల్చండి. ఇంట్లో కుళాయిలన్నీ మూసి, నీటి మీటరు ఉంటే దాని ముల్లు కదులుతోందేమో ఒక గంట చూడండి. కదిలితే ఒత్తిడితో నీరు వచ్చే పైపులో కారుడు ఉంది. కదలకపోతే డ్రైను గానీ టైల్స్ అతుకులు గానీ కారణం. అవి వాడినప్పుడే కారతాయి. అప్పుడు డ్రైను మూతికి గుడ్డ బిగించి, స్నానాల గది నేల మీద అంగుళం నీరు నిలబెట్టి, కాస్త రంగు కలిపి ఒక రోజు వదలండి. పడకగది వైపు గోడ తడి పెరిగినా, రంగు కనిపించినా నేల అతుకుల్లోంచి వస్తోందని తెలుస్తుంది. కింది అంతస్తు వారికి ముందే ఒక మాట చెప్పండి, వారి పైకప్పునూ గమనించమనండి. నేల పరీక్షలో ఏమీ తేలకపోతే గోడ టైల్స్ మీద మాత్రమే నీరు కొట్టి చూడండి. ఇలా ఒక్కొక్కటిగా చూస్తేనే పగలగొట్టాల్సిన చోటు అరచేతి వెడల్పుకు కుదించుకోవచ్చు.

ఇనుపకొక్కెం:
పై మూలకు నాదో ప్రశ్న. గాలిలోని తేమ తీసే యంత్రం, డీహ్యూమిడిఫయర్ కొంటే ఈ గొడవంతా ఉండదు కదా? తేమ పీల్చే డబ్బాలు కూడా అమ్ముతున్నారు.

చల్లగాలి:
ఆ డబ్బాల్లో ఉండేది కాల్షియం క్లోరైడ్. మూసిన బీరువాకు, పెట్టెకు పనికొస్తాయి. గదికి చాలవు. రాత్రికి అర లీటరుకు పైగా ఆవిరి పుడుతున్న చోట ఆ డబ్బా రోజుల తరబడి పీల్చేది అందులో కొంతే. డీహ్యూమిడిఫయర్ నిజంగా పనిచేస్తుంది. వాటిలో రెండు రకాలు. కంప్రెసర్ రకం వెచ్చని గదుల్లో బాగా పనిచేస్తుంది, గది 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దాని బలం తగ్గుతుంది. తేమ పీల్చే పదార్థంతో చేసిన రకం చలిలోనూ పనిచేస్తుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. ఏదైనా తలుపూ కిటికీ మూసి నడపాలి, తేమ 55 శాతం దగ్గర పెట్టి వదిలేయాలి. కానీ పైపు కారుతున్న గోడ ఉన్న గదిలో దీన్ని పెట్టడం వృథా, అది గోడలోని నీటిని లాగుతూనే ఉంటుంది, పైపు నింపుతూనే ఉంటుంది.

మావిడిచిగురు:
చలికాలం, వానాకాలం తేడా నాకు ఇప్పుడు బోధపడింది. మా ఇంట్లో వానాకాలంలో కూడా కిటికీలు తెరిచే ఉంచుతాము. చెప్పులూ తోలు సంచులూ బూజు పట్టడానికి కారణం అదేనన్నమాట. మూలకు లోపలి వైపు థర్మాకోల్ అతికిస్తే గోడ వెచ్చగా ఉంటుందా?

ఇటుకసున్నం:
గది వైపు ముఖం వెచ్చగా ఉంటుంది, నిజమే. కానీ దాని వెనక గోడ మునుపటి కంటే చల్లబడుతుంది. అంచుల్లో చిన్న సందు ఉన్నా తడి గాలి వెనక్కి చేరి, కంటికి కనిపించని చోట నీరుగా మారుతుంది. బూజు వాసన వస్తుంది, ఎక్కడుందో తెలియదు. ఇన్సులేషన్ బయటి వైపు వేయడమే క్షేమం, గోడంతా వెచ్చగా ఉంటుంది. లోపలే వేయాల్సి వస్తే ఆవిరి చొరని పొరతో, సందు లేకుండా, తెలిసినవారితో చేయించాలి.

నీలిగవాక్షం:
పని ఎంతవరకు వచ్చిందో చెబుతాను. మీటరు కదల్లేదు. నేల మీద రంగునీరు నిలబెట్టాక పడకగది వైపు కింద గోడకు అదే రంగు తేలింది. డ్రైను జాలీ చుట్టూ టైల్ అతుకు చీలి ఉంది. అంతమేరకే తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, మళ్లీ టైల్ వేశారు. బీరువాను లోపలి గోడకు మార్చాము. స్నానం అయ్యాక తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇరవై నిమిషాలు నడుపుతున్నాము. వేపనీడ గారు చెప్పిన పద్ధతిలో పై మూల తుడిచాను. పొద్దున తేమ 60 చుట్టూ ఉంటోంది. బాబును డాక్టరుకు చూపించాము, ఆయన గది గురించి చాలా ప్రశ్నలు అడిగారు, మళ్లీ రమ్మన్నారు. ఇప్పుడు కింది గోడకు రంగు వేయవచ్చా? పరుపు మాటేమిటి? అది బయటి గోడను ఆనుకుని నేల మీదే ఉండేది, అడుగున చిన్న మచ్చలు కనిపిస్తున్నాయి.

రంగులమేస్త్రి:
తొందరపడకండి. తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని మా పనిలో ఒక లెక్క ఉంది. ఊడుతున్న ప్లాస్టరింగ్ ఇటుక వరకు తీసేయించండి. తెల్లపొడిని పొడి బ్రష్షుతో దులిపి ఎత్తేయండి, నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. వేపనీడ గారు పొడి బ్రష్షు వద్దన్నది బూజుకు, ఇది ఉప్పు, రెంటినీ కలపకండి. మళ్లీ ఉప్పు తేలితే మళ్లీ దులపండి. తేలడం ఆగాక, ప్లాస్టిక్ కవరు పరీక్ష మరోసారి చేసి గోడ వైపు పొడిగా ఉంటేనే కొత్త ప్లాస్టరింగ్. అది ఆరాకే పుట్టీ, ప్రైమర్, రంగు. సూది గుచ్చి కొలిచే తేమ మీటరును మాత్రం ఈ గోడ మీద నమ్మవద్దు, ఉప్పు ఉంటే అది లేని తడిని చూపిస్తుంది.

వేపనీడ:
పరుపు అడుగున మచ్చలుంటే, బాబు దాని మీదే పడుకుంటాడు గనుక, మార్చేయమనే నా సలహా. దూదిలోకో ఫోములోకో దిగిన బూజును తుడిచి తీయలేము. ఎండలో వేస్తే వాసన తగ్గుతుంది, లోపలి బూజు పూర్తిగా పోదు. కొత్తదాన్ని నేల మీద వేయకండి. చెక్కల మధ్య సందులున్న మంచం మీద, బయటి గోడకు దూరంగా వేయండి. పొద్దున లేవగానే దుప్పట్లు మడిచి కప్పేయకుండా కాసేపు తెరిచి ఉంచండి, రాత్రి పీల్చుకున్న తడి ఆరుతుంది.

నీలిగవాక్షం:
మంచం రేపే చూస్తాము. గోడ ఆరేదాకా ప్లాస్టరింగ్ ఆపమని మేస్త్రికి చెప్పేశాను. వానాకాలం వచ్చాక తేమ లెక్కలు మారతాయి కదా, అప్పటి కొలతలు కూడా ఇక్కడే పెడతాను.